తల్లిరొయ్య దిగకుండా రొయ్య ఓడెక్కదు

ప్రతి నెల మధ్యలో కేంద్ర వాణిజ్య శాఖ లెక్కలు విడుదల చేస్తుంది. మర్నాడు పత్రికల్లో శీర్షిక దాదాపు ఒకటే. వాణిజ్య లోటు పెరిగింది, లేదా తగ్గింది. పెరిగితే దేశం మునిగినట్టు, తగ్గితే గట్టెక్కినట్టు రాస్తారు. ఈ రాతల వెనక గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: ఎగుమతి అంటే సంపాదన, దిగుమతి అంటే ఖర్చు, సంపాదన పెంచి ఖర్చు తగ్గించుకున్న ఇల్లు బాగుపడినట్టే దేశమూ బాగుపడుతుంది. ఏ పార్టీ వేదిక మీద చెప్పినా ఈ మాటకు చప్పట్లు పడతాయి. మా గోదావరి డెల్టాలో దానికి కాస్త గర్వం కూడా తోడవుతుంది. మన రొయ్య డాలర్లు తెస్తోంది, పైవాళ్లు ఆ డాలర్లను దిగుమతులకు తగలేస్తున్నారు అని భీమవరంలో, నరసాపురంలో, మొగల్తూరులో చదువుకున్నవాళ్లే అంటారు.

ఈ నమ్మకం తప్పు. పాఠ్యపుస్తకాల్లో ఉండే చిన్నపాటి తప్పయితే దాని మీద ఇంత రాయనక్కర్లేదు. దీనివల్ల నష్టపోయేది మొదట ఎగుమతి చేసేవాడే, అందులోనూ చెరువు గట్టు మీద ఉన్న చిన్న రైతే. అందుకే రాస్తున్నాను.

మొగల్తూరు మండలంలో వరిచేలు చెరువులుగా మారడం మొదలై మూడు దశాబ్దాలు దాటింది. మొదట వచ్చింది టైగర్ రొయ్య. తల్లిరొయ్యను సముద్రంలోనే పట్టేవారు, హేచరీలో గుడ్లు పెట్టించేవారు, ఆ సీడు తెచ్చి చెరువులో వదిలేవారు. తల్లి మన బంగాళాఖాతానిదే కదా, ఇంతకంటే స్వదేశీ ఏముంటుంది? 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. కోస్తా పొడవునా చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. సముద్రంలో పట్టిన తల్లిలోనే వైరస్ ఉంటే సీడులోకీ అదే దిగుతుంది. ఎంత సున్నం చల్లినా, నీరు ఎన్నిసార్లు మార్చినా ఆగదు. ఆ దెబ్బ మీద 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, తీర నియంత్రణ మండలంలోని చెరువులను తొలగించమని. టైగర్ మీద బంగారం కుదువపెట్టినవాళ్లు, పొలం అమ్ముకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఈ రంగాన్ని మళ్లీ నిలబెట్టింది ఒక దిగుమతి. 2009లో కేంద్రం వనామీ తల్లిరొయ్యల దిగుమతికి అనుమతి ఇచ్చింది. వనామీ మన జాతి కాదు, మధ్య, దక్షిణ అమెరికాల పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. హవాయి, ఫ్లోరిడా వంటి చోట్ల నిర్దిష్ట వ్యాధులు లేవని పరీక్షించి, తరాల తరబడి ఎంపిక చేసి పెంచిన తల్లులు ఆక్సిజన్ నింపిన సంచుల్లో విమానమెక్కి చెన్నైలో దిగుతాయి. నీలాంకరైలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం నడిపే క్వారంటైన్‌లో పరీక్షలు దాటాకే హేచరీలకు వెళ్తాయి. హేచరీలో పుట్టిన పిల్లకు తొలి మేత ఆర్టీమియా. దాని గుడ్లు అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ లాంటి ఉప్పు సరస్సుల నుంచి డబ్బాల్లో వస్తాయి. తల్లిరొయ్యకు పెట్టే పాలీకీట్ పురుగులు కూడా చాలావరకు బయటివే.

ఇక చెరువులోకి రండి. రైతు పొద్దున్నే చెక్‌ట్రే పైకి లాగి చూస్తాడు. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు మెత్తబడిందా. ఆ ట్రేలోని గుళికలో చేపపొడి ఉంది, సోయాపిండి ఉంది, గోధుమపిండి ఉంది, విటమిన్లు, ఖనిజాల మిశ్రమం ఉన్నాయి. వీటిలో కొన్ని మన దగ్గరివి, కొన్ని ఓడ దిగినవి. అర్ధరాత్రి కరెంటు పోతే జనరేటర్ వేసి ఏరియేటర్లు తిప్పాలి, లేకపోతే తెల్లారేసరికి చెరువు తేలిపోతుంది. ఆ జనరేటర్‌లో పోసే డీజిల్‌కు మూలమైన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. పట్టుబడి అయ్యాక రొయ్యను గడ్డకట్టించే యంత్రాల్లోనూ బయటి సరుకు తక్కువేమీ కాదు. ఇన్ని దిగుమతులు దిగితే తప్ప ఆ రొయ్య ఓడెక్కదు.

2024-25లో దేశం నుంచి వెళ్లిన సముద్ర ఉత్పత్తుల విలువ ₹62,000 కోట్లు దాటింది. అందులో మూడింట రెండు వంతులు గడ్డకట్టించిన రొయ్యదే, ఆ రొయ్యలో సింహభాగం వనామీదే. 2009 నాటి ఆ అనుమతి పత్రం మీద ఎవరో దిగుమతి అంటే ఖర్చే కదా అని సంతకం ఆపి ఉంటే ఈ అంకె ఎక్కడుండేది? గర్వంగా చెప్పుకునే ఎగుమతి లెక్కలోంచి దాన్ని సాధ్యం చేసిన దిగుమతిని విడదీసి, దీన్ని లాభం ఖాతాలో, దాన్ని నష్టం ఖాతాలో రాయడం ఏ పద్దు పద్ధతి?

2021 వేసవిలో ఇదే మాట ఇంకోలా రుజువైంది. సోయాపిండి ధర చుక్కలనంటింది. కోళ్ల ఫారాలు, ఆక్వా చెరువులు ఒకేసారి గగ్గోలు పెట్టాయి. ఆత్మనిర్భరత గురించి అన్ని వేదికల మీదా చెబుతున్న ప్రభుత్వమే ఆ ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయాపిండి దిగుమతికి తలుపు తీసింది. తీయక తప్పలేదు. మేత ధర పెరిగితే రొయ్య ధర పెరుగుతుందనుకోవద్దు. రొయ్య ధర ఈక్వడార్‌తో, వియత్నాంతో పోటీలో తేలుతుంది. కౌంటుకింత (కిలోకు ఇన్ని రొయ్యలు తూగితే ఇంత) అని కంపెనీ చెప్పిన రేటుకే రైతు ఇవ్వాలి. మధ్యలో నలిగేది అతనే.

దిగుమతి సుంకం విదేశీయుడి మీద వేసినట్టు మనవాళ్లు మాట్లాడతారు. 2024 జులై బడ్జెట్ దాకా రొయ్య మేత మీద 15 శాతం, పాలీకీట్ పురుగుల మీద 30 శాతం సుంకం ఉండేది. అది కట్టింది హవాయి వాడా? హేచరీ కట్టింది, సీడు ధరలో కలిపింది, ఆ సీడు కొన్న మొగల్తూరు రైతు మోశాడు. ఆ బడ్జెట్‌లో రెంటినీ 5 శాతానికి దించారు. మంచి పని, ఆలస్యంగా చేసిన మంచి పని. ఎగుమతిదారుకు సుంకం వాపసు పథకాలు ఉన్నాయి కదా అని కొందరు వాదిస్తారు. ఉన్నాయి. ఆ వాపసు ఓడ బిల్లు ఎవరి పేరున ఉంటే వారికి వస్తుంది. రెండెకరాల చెరువు లీజుకు తీసుకుని, మేత అప్పు తెచ్చి, ఏజెంటుకు సరుకు అప్పగించినవాడి పేరున ఓడ బిల్లు ఉండదు. సుంకం అతని దగ్గర వసూలవుతుంది, వాపసు ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

ఇది మా రొయ్యకే పరిమితమైన ముచ్చట కాదు. దిగుమతి మీద వేసే పన్ను చివరికి ఎగుమతి మీద వేసిన పన్నుగానే పనిచేస్తుందని ఆర్థికవేత్త అబ్బా లెర్నర్ 1936లోనే తర్కబద్ధంగా చూపించాడు. దిగుమతి తగ్గిస్తే డాలర్లకు గిరాకీ తగ్గుతుంది, రూపాయి ఉండాల్సిన దానికంటే గట్టిపడుతుంది, ఎగుమతిదారు తెచ్చిన డాలరుకు తక్కువ రూపాయలు వస్తాయి. పైగా దేశంలోని పెట్టుబడి, పనివాళ్లు సుంకం నీడన ఉన్న పరిశ్రమల వైపు మళ్లుతారు. ఒకచోట నొక్కితే ఇంకోచోట తగ్గడం ఖాయం. స్వతంత్రం వచ్చిన కొత్తలో ప్రపంచ ఎగుమతుల్లో మన వాటా 2 శాతానికి కాస్త పైన. దిగుమతికి లైసెన్సు, లైసెన్సుకు సిఫారసు అన్న రాజ్యం నాలుగు దశాబ్దాలు నడిచాక ఆ వాటా అర శాతానికి పడిపోయింది. దిగుమతులకు గేటు వేసి ఎగుమతుల్ని పెంచగలిగి ఉంటే మనమే ప్రపంచానికి పాఠం చెప్పేవాళ్లం. వియత్నాం సంగతి చూడండి. పది కోట్ల జనాభా దేశం 2024లో 400 బిలియన్ డాలర్లకు పైగా సరుకు అమ్మింది, దాదాపు అంతే కొన్నది. మన రొయ్యను కూడా కొని, శుభ్రం చేసి, వండి, పొట్లాలు కట్టి మళ్లీ అమ్ముతుంది. ఎక్కువ కొనే దేశమే ఎక్కువ అమ్ముతోంది.

దీర్ఘకాలంలో ఎగుమతి, దిగుమతుల సంబంధాన్ని కొలవడానికి ఒక సాధనం 1987లో ఆర్థికవేత్తలు రాబర్ట్ ఎంగిల్, క్లైవ్ గ్రాంజర్‌ల చేతిలో రూపు కట్టింది. 2003లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది, గ్రాంజర్‌కు ఈ బాటలో చేసిన కృషికే. రెండు అంకెల వరుసలు ఏటేటా ఎటు పోయినా, కాలం గడిచేకొద్దీ ఒకదాన్ని ఒకటి పూర్తిగా వదిలి పోలేకపోతే వాటి మధ్య ముడి ఉన్నట్టు. 1992లో స్టీవెన్ హస్టెడ్ ఈ పరీక్షను అమెరికా ఎగుమతి దిగుమతులకు పెట్టాడు. ఆ తర్వాత వర్ధమాన దేశాల మీద ఇలాంటి పరిశీలనలు కుప్పలుగా వచ్చాయి. కొన్ని దేశాల్లో ముడి కనిపించింది, కొన్నింట్లో కనిపించలేదు. మనం గమనించాల్సింది ఏమిటంటే, ఈ పరీక్ష అడిగేది లోటు ఉందా లేదా అని కాదు. లోటు అదుపు తప్పి పోతోందా, అప్పు తీర్చే దారి మూసుకుపోతోందా అని అడుగుతుంది. ఒక నెల అంకె చూసి గుండెలు బాదుకునేవాళ్లు అసలు అడగాల్సిన ప్రశ్న వదిలేస్తున్నారు.

నాకు ఎదురయ్యే పెద్ద అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. 2024-25లో మనం అమ్మిన సరుకు సుమారు 437 బిలియన్ డాలర్లు, కొన్నది 720 బిలియన్లు. ఇంత తేడా ఎన్నాళ్లు మోస్తాం? నిజమైన ప్రశ్న. కానీ ఈ లెక్కలో సరుకు మాత్రమే ఉంది, మనుషుల శ్రమ లేదు. సాఫ్ట్‌వేరు, ఇతర సేవల అమ్మకం అందులో లేదు. విదేశాల్లో మనవాళ్లు సంపాదించి పంపే డబ్బు లేదు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి, కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు నెల నెలా పంపే డబ్బు కూడా అందులో కలవదు. దేశం మొత్తం మీద ఆ ఏడాది ఇలా వచ్చింది 130 బిలియన్ డాలర్లకు పైనే. ఇవన్నీ కలిపాక మిగిలిన కరెంటు ఖాతా లోటు జాతీయాదాయంలో ఒక శాతం కూడా లేదు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి ఏళ్ల తరబడి పరాయి వంటింట్లో నిలబడ్డ ఆ తల్లి కష్టాన్ని లెక్కలోంచి తీసేసి, దేశం దివాలా తీస్తోందని శీర్షిక పెట్టడం ఆమెకు చేసే అన్యాయం.

మరి 1991 మాటేమిటి అంటారు. ఆ ఏడాది నేర్పిన పాఠాన్ని తిరగేసి చదువుతున్నారు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర ఎగిసింది, అక్కడి నుంచి లక్ష మందికి పైగా మనవాళ్లు ఉత్తచేతులతో విమానాల్లో తిరిగొచ్చారు, వాళ్లలో గోదావరి జిల్లాలవాళ్లూ ఉన్నారు. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంతే మిగిలింది. దేశపు బంగారం కొంత అమ్మారు, కొంత తాకట్టు పెట్టారు. అప్పుడు రిజర్వు బ్యాంకు దిగుమతులను గొంతు నులిమినట్టు బిగించింది, సరుకు విలువకు రెండు రెట్లు ముందే బ్యాంకులో కట్టమనే దాకా వెళ్లింది. దిగుమతులు 24 బిలియన్ డాలర్ల నుంచి 19 బిలియన్ల పైచిలుకుకు పడ్డాయి. దిగుమతి తగ్గితే దేశం బాగుపడుతుందనే సిద్ధాంతం నిజమైతే 1991-92లో ఎగుమతులు పరుగెత్తాలి. పైగా ఆ జులైలోనే రూపాయి విలువ కూడా తగ్గించారు. అయినా డాలర్లలో ఎగుమతులు తగ్గాయి. ముడిసరుకు, విడిభాగాలు లేక యంత్రాలు ఆగితే అమ్మడానికి ఏముంటుంది? పీవీ నరసింహారావు, మన్మోహన్ సింగ్ చేసిన పని దిగుమతి లైసెన్సుల కట్టడి విప్పడం. ఎగుమతులు ఆ తర్వాతే కోలుకున్నాయి. ఎగుమతుల మీద నిరాశ తగదని మన్మోహన్ 1964లోనే ఒక పుస్తకం రాసి వాదించారు. వినడానికి ఈ దేశానికి మరో 27 ఏళ్లు పట్టింది.

ఎగుమతి మిగులే ఐశ్వర్యమనేవాళ్లు మన గడ్డ చరిత్ర కూడా ఒకసారి చూడాలి. మొగల్తూరుకు కూతవేటు దూరంలో నరసాపురం. దాని పక్కనే మాధవాయిపాలెం. 17వ శతాబ్దంలో అక్కడ ఇంగ్లీషు కంపెనీ గిడ్డంగి ఉండేది, పాలకొల్లులో డచ్చివారు ఉండేవారు, నరసాపురం రేవులో ఓడలు కట్టేవారు. ఈ పల్లెల నేత బట్ట సముద్రాలు దాటింది. మాధవాయిపాలెం పేరుతోనే ఒక రకం బట్ట ఐరోపా అంగళ్లలో అమ్ముడైంది. ఆ రోజుల్లో కంపెనీలు బట్ట కొనాలంటే వెండి, బంగారం ఓడలకెత్తి తేవాల్సిందే. అంటే బట్ట పోయేది, వెండి దిగేది. ఆ దిగుమతే నేతగాడి కూలి అయింది, సంతలో బియ్యం అయింది, వర్తకుడి పెట్టుబడి అయింది.

1765-66లో ఈ ప్రాంతం కలిసి ఉన్న ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి పోయాయి. ఇక వెండి తేవాల్సిన అవసరం తీరిపోయింది. ఇక్కడి రైతు దగ్గర శిస్తు వసూలు చేసి, ఆ శిస్తు డబ్బుతోనే ఇక్కడి నేతగాడి బట్ట కొని ఓడెక్కించారు. బట్ట మాత్రం అలాగే పోతోంది, బదులుగా దిగేది ఏమీ లేదు. నేటి టీవీ చర్చల కొలబద్దతో చూస్తే అది గొప్ప వాణిజ్య మిగులు. వాస్తవానికి అది కప్పం. దాదాభాయి నౌరోజీ 1901 నాటి పుస్తకంలో లెక్కలు కట్టి చూపించింది ఇదే. వలస పాలనలో దాదాపు ఏటా ఎగుమతులు దిగుమతులను మించి ఉండేవి, ఆ మిగులే దేశం ఎండిపోతున్న గుర్తు. 1830ల నాటికి కంపెనీ బట్ట కొనుగోళ్లు కూడా ఆగిపోయాయి, లాంకషైర్ మరమగ్గాల బట్ట వచ్చి పడింది. 1833 కరువు కోస్తాను కాల్చేసింది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసేదాకా గోదావరి సీమ తేరుకోలేదు. బదులుగా ఏమీ రాని ఎగుమతి ఎంత పెరిగితే ఏం లాభం? మనం సరుకు అమ్మేది కొనడానికే. డాలరును ఎవరూ తినరు, తొడగరు. దాంతో తల్లిరొయ్య వస్తే, పొటాష్ వస్తే, ఆసుపత్రికి స్కానింగ్ యంత్రం వస్తే అప్పుడు అమ్మకానికి అర్థం.

పొటాష్ అన్నాను కాబట్టి చెప్పాలి. కాకినాడ రేవు నుంచి ఆఫ్రికాకు బియ్యం వెళ్తుంది. అదే రేవులో ఎరువులు దిగుతాయి. పొటాష్‌కు మన దేశంలో గనులు లేనట్టే, దాదాపు మొత్తం కొనాల్సిందే. డెల్టా వరి గింజ కూడా రొయ్య లాంటిదే.

ఈ నమ్మకంలో రెండో సగం కూడా అంతే తప్పు. ఎగుమతి అయినదంతా లాభమని రాసేవాళ్లు దాని ఖర్చు పూర్తిగా రాయరు. 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర నల్లంవారి తోటలోని ఒక ఆక్వా ప్లాంటులో వ్యర్థాల ట్యాంకు దగ్గర విషవాయువుకు ఐదుగురు పనివాళ్లు ప్రాణాలు కోల్పోయారు. కుర్రవాళ్లు. ఆ ఏటి ఎగుమతి అంకెలో ఆ ఐదు ప్రాణాలకు ఏ పద్దూ లేదు. తుందుర్రు ఆక్వా పార్కు మీద చుట్టుపక్కల ఊళ్లు ఏళ్ల తరబడి రోడ్డెక్కింది గొంతేరు కాలువ నీళ్ల గురించే. చెరువుల ఉప్పు ఊరి పక్క భూమిలోకి దిగితే తాగునీటి బావి పోతుంది, పక్క రైతు వరి పోతుంది. వాళ్లు డబ్బా నీళ్లు కొనుక్కుంటారు. ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి? నరసాపురం లేసు సంగతీ ఇంతే. సమాజ శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకంలో చూపినట్టు, ప్రపంచ మార్కెట్‌కు అల్లిన ఆడవాళ్లను ఇంట్లో తీరిక దొరికినప్పుడు అల్లే గృహిణులుగా లెక్కగట్టి, చేతిలో చిల్లర పెట్టారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. సూది పట్టిన చేతికి రేటు పెరిగిందా అన్నది ఆ గుర్తింపు పత్రం చెప్పదు. దిగుమతిని శత్రువుగా, ఎగుమతిని దేవుడిగా చూసే చూపు ఉన్నంతకాలం ఈ ప్రశ్నలు అడిగినవాళ్లు అభివృద్ధి ద్రోహులుగానే కనిపిస్తారు.

2025లో జరిగింది అందరికీ గుర్తే. ఏప్రిల్‌లో అమెరికా కొత్త సుంకాలు ప్రకటించిన రోజుల్లోనే కంపెనీలు రేటు దించాయి. ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27 నుంచి ఇంకో 25. ఆ రెండో పాతిక రష్యా చమురు కొంటున్నందుకు వేసింది. దేశం చేసుకున్న ఒక దిగుమతికి శిక్ష మొగల్తూరు రొయ్య మీద పడింది. ఎగుమతి వేరు, దిగుమతి వేరు అని గిరిగీసుకున్నవాళ్లకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అయినా అప్పుడు వినబడిన సలహా ఏమిటంటే, మనమూ సుంకాలు పెంచాలి, విదేశీ సరుకు మానాలి అని. అమెరికా చేసింది అన్యాయం. దానికి బదులుగా మన హేచరీ, మన మేత మిల్లు వాడే సరుకు మీద మనమే పన్ను వేసుకుంటే ఆ అన్యాయం రెట్టింపవుతుంది, అదీ మన రైతు మీదే. కొత్త మార్కెట్లు వెతకాలి. వెతికి పట్టుకున్న దేశం కూడా ఏం అమ్ముతావని కాక, మా దగ్గర ఏం కొంటావని అడుగుతుంది. ఏ వాణిజ్య ఒప్పందం చూసినా బేరం అక్కడే మొదలవుతుంది.

స్వావలంబన వద్దని నేను అనడం లేదు. అది ఎలా వస్తుందో చూడమంటున్నాను. టైగర్ రోజుల్లో మేత బస్తాలు తైవాన్, థాయిలాండ్ నుంచి వచ్చేవి. ఆ మేత వాడి, ఆ పరిజ్ఞానం తెచ్చుకుని, భాగస్వాములను పిలిచి, కొవ్వూరు దగ్గరే మేత మిల్లులు కట్టుకున్నాం. అనకాపల్లి జిల్లా బంగారమ్మపేటలో వనామీ తల్లుల్ని ఇక్కడే పెంచే కేంద్రం నడుస్తోంది, దాని మూలం కూడా హవాయి నుంచి వచ్చిన జాతే. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సీబా 2022లో మన తెల్లరొయ్యను మెరుగుపరిచే జన్యు కార్యక్రమం మొదలుపెట్టింది. అది గెలవాలి. వనామీ ఒక్కదాని మీదే ఇంత బరువు పెట్టడం 1994ను మళ్లీ పిలవడమే. ఆ పనికి కావాల్సింది శాస్త్రవేత్తలు, ప్రయోగశాలలు, పదేళ్ల పాటు ఆగని నిధులు. సుంకం గోడ కట్టి, నాసి సీడు తప్ప వేరే దిక్కు లేకుండా చేసి, దాన్ని స్వదేశీ అనడం చెల్లదు.

మొగల్తూరు, నరసాపురం, భీమవరం రైతు సంఘాలు ఈసారి ఢిల్లీకి వినతిపత్రం పట్టుకెళ్తే ఎగుమతి ప్రోత్సాహకాల పేరు ఎత్తకముందే మూడు అడగాలి. తల్లిరొయ్యల మీద, మేత ముడిసరుకు మీద మిగిలిన సుంకం సున్నా చేయమని. సుంకం వాపసులో రైతు వాటా పట్టుబడి బిల్లు ఆధారంగా అతని ఖాతాకే వేయమని. ప్రతి ఏటి ఎగుమతి అంకెతో పాటు ఆ మండలాల భూగర్భజలాల ఉప్పుశాతం, ప్లాంట్లలో పోయిన ప్రాణాల సంఖ్య అదే కాగితం మీద అచ్చువేయమని. మూడోదాని దగ్గర అధికారులు నీళ్లు నములుతారు. అక్కడ పట్టు విడవకూడదు.